గేటు ముందు చుక్క

"ముందు తాళాలు ఆ బల్ల మీద పెట్టి మాట్లాడు" అన్నారు మామగారు.

బావమరిది పెట్టలేదు. వ్యాను తాళాలు అతని గుప్పిట్లోనే ఉన్నాయి. ఉతికి మడిచిన హోటలు దుప్పట్ల మూటలు గుమ్మం పక్కన నడుమెత్తున పేర్చి ఉన్నాయి. వాటిని బండికెక్కించాల్సిన వేళ దాటిపోతోంది. ఇస్త్రీ గదిలో ఆవిరి మిషను తన మానాన తాను బుసలు కొడుతోంది గానీ, దాన్ని ఆపాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

బల్ల మీద అత్తగారి ఫోను ఉంది. ఫోనులో ఊరి మ్యాపు, మ్యాపు మీద ఒక ఎర్ర చుక్క. ఆ చుక్కే వ్యాను. ఇప్పుడది బుద్ధిగా ఇంటి ముందే ఉంది. కానీ నిన్న మధ్యాహ్నం, మొన్న మధ్యాహ్నం, అంతకు ముందు కూడా, అది గళ్ళచొక్కా గేటు ముందు గంటకు పైగా కదలకుండా నిలబడటం అత్తగారు తన కళ్ళజోడుతోనూ, మామగారు ఆవిడ కళ్ళజోడు లాక్కునీ చూశారు.

గళ్ళచొక్కా అంటే మామగారి పాత భాగస్వామి. ఒకప్పుడు ఇద్దరూ కలిసే ఈ లాండ్రీ పెట్టారు. విడిపోయాక ఆయన వేరే లాండ్రీ తెరిచాడు. ఆయన పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఎప్పుడూ వేసుకునే ఆ చొక్కా పేరుతోనే సరిపెట్టుకుంటారు. ఈమధ్య హోటళ్ళు ఒక్కొక్కటే ఇటు మానేసి అటు పోతున్నాయి. మన రేట్లు ఎవరో అటు చేరవేస్తున్నారని మామగారు అనుమానపడ్డారు. ఆ ఎవరో కన్నకొడుకేనని చుక్క చెప్పింది.

"నేను ఆ గేటు తొక్కలేదు నాన్నా. హోటలు పనిలో ఉన్నాను."

"హోటలు ఆ వీధిలో లేదు. పక్క వీధిలో ఉంది. ఎన్నేళ్ళు నేను అక్కడ లోడు దించలేదూ?"

"ఇప్పుడు దారి మారింది. వెనక వైపు నుంచి వెళ్తున్నాం."

"దారి మారితే దారమ్మట పోతారు. శత్రువు గేటు ముందు గంటసేపు నిలబడతారా?"

నిలబడని చోట ఎందుకు నిలబడ్డావంటే ఏ మనిషి మాత్రం ఏం చెప్తాడు? చంటీ, నిజం చెప్పెయ్యి నాన్నా అని అత్తగారు బతిమాలింది. మీసాలొచ్చి, గడ్డంలో ఒకటో రెండో తెల్లవెంట్రుకలు కూడా వచ్చినా అతను ఇంట్లో అందరికీ చంటే. అదే చెప్తున్నానమ్మా అన్నాడతను, ఆవిడ వైపు చూడకుండా.

మామగారు అల్లుడి వైపు తిరిగారు.

ఆ చూపు కోసం అల్లుడు ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. అత్తవారింట్లో ఉంటున్న అల్లుడు అంటే ఎక్కడైనా ఒక రకమే. ముందు గదిలో కిటికీ పక్కన ఫోన్లు బాగుచేసే చిన్న బల్ల అతని రాజ్యం. మామగారు ఎవరికైనా అతన్ని పరిచయం చెయ్యాల్సి వస్తే మా అమ్మాయి భర్త, ఏదో ఫోన్ల పని అని ఊరుకునేవారు. ఇంటి ముందు నిలబెట్టిన పాత వ్యానును దొంగలెత్తుకుపోయాక, అప్పు చేసి కొన్న ఈ వ్యానుకి అల్లుడు కాపలా పెట్టె తయారుచేశాడు. వేలెడంత కంట్రోలరు బోర్డు, సిమ్ము కార్డు పెట్టుకునే మాడ్యూలు, ఆకాశంలోని ఉపగ్రహాలను చూసి తానెక్కడున్నదీ తెలుసుకునే జీపీఎస్ ముక్క. మూడింటినీ ప్లాస్టిక్ టిఫిను డబ్బాలో కూర్చి డాష్‌బోర్డు మీద, అద్దం అడుగున బిగించాడు. మొదట్లో అది తెగ ఏడిపించింది. సిమ్ము మాడ్యూలు కబురు పంపబోయే ముందు ఒక్క గుటకలో కరెంటంతా తాగేసేది, పక్కన బోర్డు సొమ్మసిల్లి పడిపోయేది. దానికి కరెంటు దాచుకునే లావుపాటి కెపాసిటరొకటి తగిలించి దారికి తెచ్చాడు. చుక్క మ్యాపు మీద నడవడం మొదలెట్టిన రోజున మామగారు భోజనాల బల్ల దగ్గర తన పక్క కుర్చీ చూపించి, "ఇలా కూర్చో అల్లుడూ" అన్నారు. ఆ మాట అతను ఇంకా అపురూపంగా దాచుకునే ఉన్నాడు.

"చెప్పు అల్లుడూ. నీ పెట్టె తప్పు చెప్తుందా?"

గదిలో అందరూ అతన్నే చూస్తున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ భార్య కూడా చూస్తోంది.

"చెప్పదు మామయ్యా" అన్నాడు అల్లుడు.

ఆ మాట అంటున్నప్పుడు అతనికి గర్వంగానే ఉంది. అది నిజం.

బావమరిది అతని వైపు ఒకసారి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఆ పెట్టె బిగించిన రోజున వ్యాను అడుగున దూరి, బ్యాటరీ దగ్గర్నుంచి వైరు లాగి, చేతులు కాల్చుకుని పక్కనుండి సాయం చేసింది బావమరిదే.

"ఈ లోడు దించి వస్తాను" అన్నాడు తండ్రితో. "సాయంత్రం బండీ తాళాలూ ఇక్కడుంటాయి. ఆ తర్వాత నా మొహం మీరు చూడక్కర్లేదు."

మూటలు ఒక్కడే ఎక్కించుకున్నాడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

* * *

ముందు గదిలో అల్లుడు బల్ల ముందు కూర్చుని ఎవరిదో ఫోను విప్పాడు. విప్పిన మరలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి వెతుక్కుంటున్నాడు. భార్య వచ్చి కిటికీకి ఆనుకుని నిలబడింది. ఆమె అరిస్తే అతను తట్టుకోగలడు, మాట్లాడకపోతేనే తట్టుకోలేడు. అది ఆమెకీ తెలుసు.

"వాడు చిన్నప్పుడు నా పెన్సిలు విరగ్గొట్టి, నేను అడక్క ముందే ఏడుస్తూ వచ్చి చెప్పేవాడు" అంది చివరికి. "వాడికి దాచడం చేతకాదు."

మనుషులు మారతారన్నాడు అతను.

"మారతారు. మీరూ మారారు. ఇదివరకు ఏదైనా అడిగితే చూసి చెప్తాననేవారు. ఇవాళ చూడకుండానే చెప్పేశారు."

అతను మర కోసం బల్ల కింద వంగాడు. కింద మరేం లేదు, మొహం దాచుకునే చోటు మాత్రం ఉంది.

నెట్‌వర్కు దొరికినంతసేపూ పెట్టె కబురు పంపుతూనే ఉంటుందనీ, పంపితే మ్యాపు మీద పడుతుందనీ, ఇందులో మనిషి చెయ్యి పెట్టేదేమీ లేదనీ కింద నుంచే వివరించాడు. ఆమె ఓపిగ్గా విన్నది. అప్పుడే అత్తగారు ఫోను పట్టుకుని వచ్చింది. చుక్క రింగు రోడ్డు మీద పోతోందట, చంటి పొద్దున్న ఏమీ తినలేదట, ఎక్కడైనా ఆగి తింటాడేమోనని చూస్తోందట. ఆవిడకి ఆ చుక్కే కొడుకు.

"ఎంత బాగా చేశారో బాబూ మీరు" అంది అల్లుడితో, కళ్ళు తుడుచుకుంటూ. "మొదట్లో మాటిమాటికీ మాయమైపోయేది. వంతెన కిందికి పోతే మాయం, షెడ్డులోకి పోతే మాయం. బండి మళ్ళీ ఎత్తుకుపోయారేమోనని నా ప్రాణం పోయేది. నేను పోరు పెట్టాక మీరేదో చేశారు చూడండి, అప్పట్నుంచీ ఒక్కసారి కూడా మాయం కాలేదు."

అల్లుడు బల్ల కింది నుంచి లేవబోయి తల కొట్టుకున్నాడు.

"ఏమైంది?" అంది భార్య.

ఏం లేదన్నాడు. కానీ అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఏం చేశాడో అతనికి గుర్తొచ్చింది. అప్పట్లో అత్తగారు పూటకి నాలుగుసార్లు పరుగెత్తుకొచ్చేది. బండి నడుపుతున్న కొడుక్కి ఫోను చేసి ఏడ్చేది. చివరికి విసుగుతోనో జాలితోనో, పెట్టెను నడిపే ప్రోగ్రాములో ఒక్క వాక్యం చేర్చాడు. ఆకాశం కనపడక చోటు తెలియనప్పుడు ఖాళీగా పంపొద్దు, చివరిసారి తెలిసిన చోటునే మళ్ళీ పంపు. ఇప్పటి టైము వేసి పంపు. అంతే, అత్తగారి గుండె కుదుటపడింది. ఆ తర్వాత ఆ వాక్యాన్ని అందరికంటే ముందు అతనే మర్చిపోయాడు.

అంటే చుక్క గేటు ముందు గంటసేపు నిలబడిందంటే, వ్యాను నిలబడినట్టు కాదు. ఆ గేటు దగ్గర ఆకాశాన్ని చివరిసారి చూసి, ఆ తర్వాత ఏదో కప్పు కిందికి పోయిందన్నమాట. ఎక్కడికి పోయిందో పెట్టెకి తెలియదు. తెలియదని చెప్పకుండా నోరు నొక్కింది మాత్రం అల్లుడే.

ల్యాపుటాపు తెరిచి చూశాడు. వాక్యం అక్కడే ఉంది. దాన్ని తీసేయడం క్షణంలో పని. ఈ ఇంట్లో దాన్ని చదవగలిగినవాళ్ళు లేరు. తీసేసి, వ్యాను రాగానే పెట్టెలో కొత్తది ఎక్కించేస్తే, రేపట్నుంచి చుక్క నిజమే చెప్తుంది. పెట్టె ఎప్పుడూ తప్పు చెప్పలేదన్న మాట కూడా నిలబడుతుంది. భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఎక్కడికీ పోదు.

పోయేది బావమరిది ఒక్కడే.

అల్లుడు ఆ ఆలోచనతో కాసేపు కూర్చున్నాడు. మనం అతన్ని మరీ మెచ్చుకోనక్కర్లేదు, కూర్చోవడం మాత్రం కూర్చున్నాడు. తర్వాత లేచి, బీరువా కింది నుంచి మొదట తయారుచేసిన పెట్టె బయటికి తీశాడు. అప్పట్లో ముందు దాంట్లోనే వేసి చూశాడు కాబట్టి అందులోనూ అదే వాక్యం ఉంది. ఒక పాత సిమ్ము వేసి, ఫోను చార్జింగు పెట్టుకునే పవరు బ్యాంకు తగిలించి, స్కూటరు ముందు బుట్టలో పెట్టాడు. అత్తగారి ఫోనులో రెండో చుక్క పడేలా చేశాడు, నీలం రంగుది.

"ఇదెవరు బాబూ?"

"నేనే అత్తయ్యా. బయటికి పోయి వస్తాను. మీరు నన్ను చూస్తూ ఉండండి."

* * *

గళ్ళచొక్కా లాండ్రీ గేటు వీధి మొదట్లోనే ఉంది. ఇనప గేటు, లోపల ఆవిరి గొట్టాలు, ఆరబెట్టిన తెల్ల తువ్వాళ్ళ వరసలు. అల్లుడు అక్కడ ఒక కాలు కింద పెట్టి ఆగాడు. ఎదురుగా కొత్త గోడ, గోడలో నోరు తెరుచుకున్న ఒక వాలు దారి. దాని మీద సామాను వాహనాలకు మాత్రమే అని రాసి ఉంది.

వాలులోకి స్కూటరు దింపాడు. దారి వంకర తిరిగి తిరిగి భూమి అడుగుకి పోయింది. తడి సిమెంటు వాసన, గోడలకి ట్యూబులైట్లు. చాలాదూరం పోయాక పెద్ద గది వచ్చింది. అక్కడ చక్రాల బుట్టల నిండా మాసిన దుప్పట్లున్నాయి. అది హోటలు అడుగు. హోటలు వాకిలి మామగారు చెప్పినట్టు పక్క వీధిలోనే ఉంది, కాకపోతే అది అతిథులకి.

వాచ్‌మన్ అడ్డం వచ్చి ఏం కావాలన్నాడు. లాండ్రీ వ్యాను ఎక్కడ ఆగుతుందని అల్లుడు అడిగాడు. ఇదిగో ఈ స్తంభం పక్కన, రోజూ ఇక్కడే, ఇవాళింకా రాలేదు అన్నాడు వాచ్‌మన్. వెనక పెరడంతా కొత్త కట్టడం కిందికి పోయాక దారి ఇదొక్కటేనట. ఇదివరకటిలా దించి పోవడానికి లేదట. ఒక్కొక్క దుప్పటీ విప్పి, మరకలు చూసి, లెక్క ఒప్పుకున్నాకే మాసినవి ఇస్తారట.

"ఆ డ్రైవరు మంచివాడండీ" అన్నాడు. "ఎంతసేపైనా కిమ్మనడు. నాకు టీ కూడా తెచ్చిపెడతాడు."

అల్లుడు ఆ స్తంభం పక్కనే స్కూటరు ఆపాడు. ఫోను తీశాడు. సిగ్నలు ఒక్క గీత ఉంది. ఆ ఒక్క గీతా చాలు పెట్టె అబద్ధం పంపడానికి. కాసేపు ఆగి అత్తగారికి చేశాడు.

"అత్తయ్యా, నేనెక్కడున్నాను?"

అవతల నుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"చెప్పండత్తయ్యా."

"ఏం చెప్పమంటారు బాబూ" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "ఇందాకట్నుంచీ ఆ మాయదారి గేటు ముందే ఉన్నారు. మీరు కూడానా? మీ మామయ్యకి ఇంకా చూపించలేదు. అక్కణ్ణించి వచ్చెయ్యండి, నేనెవరికీ చెప్పను."

ఇంకోరోజయితే అతను పగలబడి నవ్వేవాడు. ఇవాళ స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"చూపించండి" అన్నాడు. "మామయ్యకి ఇప్పుడే చూపించండి. నేను ఆ గేటు ముందు లేను."

* * *

అల్లుడు ఇంటికొచ్చి చెప్పిందంతా మామగారు విన్నారు. హోటలు అడుగున తీసిన ఫొటో చూశారు, స్తంభం, బుట్టలు, దుప్పటి విప్పి పట్టుకున్న మనుషులు. అత్తగారి చేతిలో ఫోను తీసుకుని, నీలం చుక్క వచ్చిన దారిని వేలితో వెనక్కీ ముందుకీ తడిమారు.

"ఆ వాక్యం నువ్వే రాశావా?"

"నేనే మామయ్యా."

"పొద్దున్న నేను అడిగినప్పుడు గుర్తు లేదా?"

"లేదు. గుర్తు తెచ్చుకోవాలని చూడలేదు కూడా."

రెండోమాట చెప్పకుండా తప్పించుకోవచ్చు. భార్య వింటోందని చెప్పాడో, చెప్పకపోతే లోపల నలుగుతుందని చెప్పాడో అతనికే తెలియదు. మామగారు లేచి ఇస్త్రీ గదిలోకి పోయి ఆవిరి మిషను ఆపేశారు. ఆ బుస ఆగాక ఇల్లంతా ఖాళీ అయిపోయినట్టనిపించింది. తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు.

"పెట్టెదేం పోయింది" అన్నారు. "దానికి వాడు కొడుకు కాదు. నాకు కొడుకు కదా. నేను పెట్టెనడిగాను గానీ వాణ్ణి అడగలేదు."

అత్తగారు ఏడవడం మొదలెట్టింది. భార్య వచ్చి అల్లుడి పక్కన నిలబడింది. ముట్టుకోలేదు గానీ, పక్కనే నిలబడింది. ఆ మాత్రానికే అతనికి ప్రాణం లేచొచ్చింది.

బావమరిదికి ఫోను చేశారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫు అని వచ్చింది.

"ఎక్కడున్నాడో చూడు" అన్నారు మామగారు.

అత్తగారు కళ్ళు తుడుచుకుని ఫోను దగ్గరికి తెచ్చుకుంది. ఎర్ర చుక్క గళ్ళచొక్కా గేటు ముందుంది. కదలకుండా నిలబడి ఉంది. నిన్నటిదాకా ఆ చుక్కని అక్కడ చూస్తే ఆవిడకి గుండెలు జారిపోయేవి. ఇప్పుడు మొహం విప్పారింది.

"కిందున్నాడండీ" అంది. "దుప్పట్లు లెక్కపెట్టించుకుంటున్నాడు. ఇది వాడి వేళే కదూ."

ఆ రోజు మొదటిసారి మామగారి మొహం కాస్త తేటపడింది. తను వస్తే వాడు మాట్లాడడనీ, నువ్వే వెళ్ళి తీసుకురమ్మనీ అల్లుడికి చెప్పారు. అతను స్కూటరు దగ్గరికి పోయాక గుమ్మం దాకా వచ్చి, కాస్త తడబడి, "నాన్న తప్పు మాటన్నాడని చెప్పు" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

దారి పొడుగునా అల్లుడు ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాడు. చంటీ, నేను వెధవపని చేశాను అని మొదలెడదామనుకున్నాడు. తర్వాత వాడు తిడతాడు, తిట్టనియ్యాలి. తర్వాత ఇద్దరూ కలిసి ఆ పెట్టెలో వాక్యం తీసేస్తే బాగుంటుంది. వైరు వాడే పట్టుకుంటాడు.

వీధి మొదట్లో మలుపు తిరిగి, అలవాటైనవాడిలా వాలు దారి వైపు స్కూటరు తిప్పబోయి ఆగిపోయాడు.

వ్యాను దారి అడుగున లేదు. వెనక తలుపులు తెరుచుకుని గళ్ళచొక్కా గేటు ముందే ఉంది. లోపలంతా ఖాళీ. డాష్‌బోర్డు మీద టిఫిను డబ్బా అద్దంలోంచి కనబడుతోంది. గేటు లోపల, తెల్ల తువ్వాళ్ళ వరసల పక్కన గళ్ళచొక్కా నిలబడి, బావమరిది భుజం మీద చెయ్యేసి ఏదో చెప్తున్నాడు. బావమరిది తలూపుతున్నాడు.

అల్లుణ్ణి చూసి అతను గేటు దాకా వచ్చాడు. గేటు అవతలే ఆగిపోయాడు.

"చేయని పనికి తిట్లు తిన్నాను కదా బావా" అన్నాడు. అరవలేదు. "రేపట్నుంచి ఇక్కడ పని. లోడు దించేశాను, మీ బండి సాయంత్రం తెచ్చిచ్చేస్తాను. ఇవాళ నీ పెట్టె తప్పు చెప్పలేదు, చూసుకో."

ఇంటి దగ్గర జరిగిందంతా అల్లుడు గబగబా చెప్పబోయాడు. పెట్టెదే తప్పని, తనదే తప్పని, నాన్న ఏమన్నాడో కూడా. సగంలోనే లోపల్నుంచి గళ్ళచొక్కా పిలిచాడు, బావమరిది అటు తిరిగాడు. విన్నాడో లేదో తెలియలేదు.

అల్లుడి జేబులో ఫోను మోగింది. మామగారు.

"ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాడు మామయ్యా."

"కిందే కదూ?" అన్నారాయన. ఆ గొంతులో అల్లుడు ఎప్పుడూ వినని ఆశ ఉంది. వెనక నుంచి అత్తగారు కిందే, కిందే అంటోంది.

అల్లుడు ఎదుటి గోడలో వాలు దారి వైపు చూశాడు, గేటు లోపలికి నడిచిపోతున్న బావమరిది వీపు వైపు చూశాడు.

"మాట్లాడవేం అల్లుడూ" అన్నారు మామగారు. "నువ్వు చెప్తే నమ్ముతాను. కిందే ఉన్నాడా?"